స్టైన్‌బర్గ్ యూఆర్22సీ: రివర్బ్‌తో, ఆలస్యం లేకుండా మన గొంతు మనకు వినిపించే పెట్టె

హెడ్‌ఫోన్స్‌లో గొంతు ఏ ఎఫెక్టూ లేకుండా పొడిపొడిగా వినిపిస్తుంటే ఎంత బాగా పాడేవాళ్లయినా బిగుసుకుపోతారు. పైస్థాయిలో నిలవాల్సిన చోట గొంతు నొక్కుతారు, సంగతి సాగాల్సిన చోట తొందరపడతారు. కాస్త రివర్బ్, అంటే హాల్లో పాడినట్టు మోగే గుణం, తగిలితే అదే గొంతు సర్దుకుంటుంది. కానీ ఆ రివర్బ్‌ను కంప్యూటర్లోని ప్లగిన్‌తో (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో నడిచే ఎఫెక్ట్‌తో) వేసి వినాలంటే పాడిన అక్షరానికీ చెవిలో పడే అక్షరానికీ మధ్య ఎడం వస్తుంది. ఎడం తగ్గిద్దామని బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతకు పోగుచేసుకునే శబ్దం మోతాదు) దించితే చిటపటలు, చిటపటలు పోవాలని బఫర్ పెంచితే మళ్లీ ఎడం. ఇంట్లో కరోకే ట్రాకుల మీద కవర్లు పాడేవాళ్లు, శ్రుతి పెట్టుకుని కీర్తనలు రికార్డు చేసుకునేవాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోతున్నారు.

యూఆర్22సీ మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె, అంటే ఆడియో ఇంటర్‌ఫేస్. అది ఈ సమస్యను కంప్యూటర్ దాకా పోనివ్వదు. రివర్బ్, కంప్రెసర్ (గొంతు హెచ్చుతగ్గులను దగ్గర చేసేది), ఈక్యూ (కింది, పై స్థాయిల పాళ్లు మార్చేది) మూడూ పెట్టెలోని చిప్ మీదే నడుస్తాయి. మైకు నుంచి వచ్చిన గొంతు అక్కడికక్కడే ఎఫెక్ట్ కలుపుకుని హెడ్‌ఫోన్స్‌కు చేరుతుంది. కంప్యూటర్‌కు మాత్రం, మనం కోరితే, ఏ ఎఫెక్టూ లేని గొంతే వెళ్తుంది. ఇంట్లో గొంతు రికార్డింగ్ కోసం కొత్తగా ఇంటర్‌ఫేస్ కొనేవాళ్లు అన్నిటికంటే ముందు అడగాల్సింది ఈ సదుపాయం ఉందా అనే. మైకు శబ్దాన్ని పెంచే ప్రీయాంప్ గొప్పదనం, 192 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటు లాంటివి ఆ తర్వాతి మాట.

ముందుగా పెట్టె సంగతి. 2019లో వచ్చిన యూఆర్‌-సీ వరసలో ఇది చిన్నది. రెండు ఇన్‌పుట్లు, రెండు అవుట్‌పుట్లు, రెండు యమహా డీ-ప్రీ మైక్ ప్రీయాంప్‌లు, టైప్‌-సీ యూఎస్‌బీ, కీబోర్డుల కోసం వెనుక మిడి ఇన్-అవుట్, ఇనుప ఒళ్లు. రెండో ఇన్‌పుట్‌కు గిటార్ కోసం హై-జెడ్ స్విచ్ ఉంది. హెడ్‌ఫోన్స్‌కూ స్పీకర్లకూ వేర్వేరు నాబ్‌లు. ఇన్‌పుట్‌కూ కంప్యూటర్ నుంచి వచ్చే ట్రాక్ శబ్దానికీ మధ్య పాళ్లు సర్దే మిక్స్ నాబ్ ముందువైపే ఉంది, పాడుతున్నప్పుడు చేతికి అందుతుంది.

ఆలస్యం లెక్క తెలిస్తే ఈ పెట్టె విలువ తెలుస్తుంది. 48 కిలోహెర్ట్జ్‌లో 256 శాంపిళ్ల బఫర్ అంటే ఒక వైపుకు 5.3 మిల్లీసెకన్లు. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి, అంటే 10.7. దానికి శబ్దాన్ని అంకెలుగా మార్చే కన్వర్టర్లు, డ్రైవర్ తన భద్రత కోసం దాచుకునే కాస్త తోడైతే 13, 14 దాకా పోతుంది. 512 పెడితే బఫర్ ఒక్కటే 21 మిల్లీసెకన్లు తింటుంది. గిటార్ వాయించేవాళ్లు 10 మిల్లీసెకన్లను పట్టించుకోకపోవచ్చు, ఎందుకంటే మూడు మీటర్ల దూరంలో ఉన్న యాంప్ నుంచి శబ్దం రావడానికీ దాదాపు అంతే పడుతుంది. పాడేవాళ్ల సంగతి వేరు. మన గొంతు మనకు పుర్రె ఎముకల ద్వారా ఆ క్షణానే వినిపిస్తూ ఉంటుంది. హెడ్‌ఫోన్స్‌లో ఆలస్యంగా వచ్చే గొంతు దానితో కలిసి కొన్ని ఫ్రీక్వెన్సీలను కొట్టేస్తుంది. 5 మిల్లీసెకన్ల తేడా ఉంటే 100, 300, 500 హెర్ట్జ్ దగ్గర గుంటలు పడతాయి. మగ గొంతుకు నిండుదనం ఇచ్చే ప్రాంతం అదే. అందుకే ఎడం చెవికి విడిగా తెలియకపోయినా గొంతు బోలుగా, డబ్బాలో పాడినట్టు ఉంటుంది. ఆలస్యం ఇంకా పెరిగితే ఇక ప్రతిధ్వనే. తాళం వెనక్కి లాగడం అక్కడ మొదలవుతుంది.

యూఆర్22సీలో కూడా ఆలస్యం అక్షరాలా సున్నా కాదు. శబ్దం డిజిటల్‌గా మారి, చిప్‌లో తిరిగి, మళ్లీ అనలాగ్ కావాలి కాబట్టి మిల్లీసెకను స్థాయిలో ఉంటుంది. బఫర్‌తో దానికి సంబంధం లేదన్నదే అసలు లాభం. బఫర్‌ను నిశ్చింతగా 512కో 1024కో పెంచేయొచ్చు. పాత ల్యాప్‌టాప్‌లో 30 ట్రాకులు, వాటి మీద ప్లగిన్లు నడుస్తున్నా పాడేవాళ్ల చెవికి ఏ తేడా రాదు. ఇంత చిన్న ఎడంలోనూ గొంతు పలచగా తోస్తే పెట్టెను నడిపే డీఎస్పీ మిక్స్‌ఎఫ్‌ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆ ఛానెల్‌కున్న, శబ్ద తరంగాన్ని తలకిందులు చేసే ఫేజ్ బటన్ నొక్కి చూడండి. ఎముకల ద్వారా వచ్చే గొంతుతో ఏ దిశలో బాగా కలిస్తే అది ఉంచుకోండి. కొందరికి ఈ ఒక్క బటన్‌తోనే చెవిలో గొంతు నిండుగా మారిపోతుంది.

అమర్చడం ఇలా. విండోస్‌లో టూల్స్ ఫర్ యూఆర్‌-సీ అనే ప్యాకేజీ ముందు వేసి, ఆ తర్వాతే పెట్టెను కలపండి. డ్రైవర్, డీఎస్పీ మిక్స్‌ఎఫ్‌ఎక్స్ రెండూ అందులోనే వస్తాయి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో యమహా స్టైన్‌బర్గ్ యూఎస్‌బీ ఏసియో డ్రైవర్‌ను ఎంచుకోండి. 48 కిలోహెర్ట్జ్ చాలు. కండెన్సర్ మైక్ అయితే హెడ్‌ఫోన్, అవుట్‌పుట్ నాబ్‌లు రెండూ పూర్తిగా తగ్గించాకే మైకుకు కరెంటు ఇచ్చే 48 వోల్టుల స్విచ్ వేయండి, లేదంటే చెవిలో ఠప్పుమంటుంది. ఆ స్విచ్ రెండు ఇన్‌పుట్లకూ కలిపి ఒకటే. పాటలో అన్నిటికంటే గట్టిగా వచ్చే చోట పాడుతూ గెయిన్ పెంచండి, సాఫ్ట్‌వేర్ మీటర్ మైనస్ 12, మైనస్ 10 డెసిబెల్స్ మధ్య తాకితే ఆపండి. పీక్ దీపం వెలిగిందంటే ఇప్పటికే ఎక్కువైందని అర్థం. షూర్ ఎస్‌ఎం58 లాంటి డైనమిక్ మైక్‌కు నాబ్‌ను చాలా దూరం తిప్పాల్సి వస్తుంది, కంగారు అక్కర్లేదు. మైకుకు నాలుగు వేళ్ల దూరంలో పాడితే సరిపోతుంది.

ఇక డీఎస్పీ మిక్స్‌ఎఫ్‌ఎక్స్. ప్రతి ఇన్‌పుట్ పట్టీలోనూ ఎఫెక్ట్ ఎక్కడ పడాలో చెప్పే చోటు ఒకటుంది. మాన్.ఎఫ్‌ఎక్స్ పెడితే ఎఫెక్ట్ హెడ్‌ఫోన్స్‌లోనే వినిపిస్తుంది. ఇన్స్.ఎఫ్‌ఎక్స్ పెడితే రికార్డులోకీ పోతుంది. పాడేవాళ్లు మాన్.ఎఫ్‌ఎక్స్ దగ్గరే ఉండండి. రికార్డులో ముద్రపడిన కంప్రెషన్‌ను తర్వాత తీసేయడం కుదరదు. ఇంటి గదిలో పాడేటప్పుడు మైకుకు దగ్గరా దూరం అవుతూనే ఉంటారు, ఆ తేడాకు కంప్రెసర్ అతిగా స్పందించి మాటల మధ్య ఊపిరిని, ఫ్యాన్ చప్పుడును పైకి లాగుతుంది. రివర్బ్‌తో ఆ భయం లేదు. రెవ్‌-ఎక్స్ అనే ఈ రివర్బ్‌కు ప్రతి ఛానెల్ నుంచి సెండ్ (గొంతును ఎంత పాలు రివర్బ్‌కు పంపాలో చెప్పేది) ఉంటుంది, అది మానిటర్ వైపే కలుస్తుంది, గొంతు ట్రాకులోకి దూరదు.

కంప్రెసర్‌, ఈక్యూ కలిసి ఉండే స్వీట్ స్పాట్ మార్ఫింగ్ ఛానెల్ స్ట్రిప్‌లో గుండ్రటి మార్ఫ్ నాబ్ చుట్టూ ముందే సిద్ధం చేసిన ఐదు సెట్టింగులు ఉంటాయి. నాబ్ తిప్పుతుంటే ఒకదాని నుంచి ఇంకోదానికి మెల్లగా మారుతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ పాడేటప్పుడు పనికొచ్చేది డ్రైవ్ నాబే. అది కంప్రెషన్ మోతాదు. రెండు మూడు దగ్గర ఉంచితే చరణంలో మెల్లగా పలికే మాటలు ట్రాక్ కింద మునిగిపోకుండా చెవికి అందుతాయి, పాడేవాళ్లు అనవసరంగా గొంతు పెంచరు. ఆరు దాటిస్తే ఎంత గట్టిగా పాడినా ఒకేలా వినిపిస్తుంది, భావం కోసం గొంతు తగ్గించడం, పెంచడం మానేస్తారు. ఆ నష్టం రికార్డు విన్నాక గాని తెలియదు.

రెవ్‌-ఎక్స్‌లో హాల్, రూమ్, ప్లేట్ మూడు రకాలు. యమహా తన ఎఫెక్ట్ యూనిట్లలో వాడుకున్న రివర్బ్ ఇది, ఈ ధరలో ఇంత నున్నని తోక (రివర్బ్ మెల్లగా ఆరిపోయే చివరి భాగం) దొరకడం విశేషం. సినిమా పాటల కవర్లకు ప్లేట్ తీసుకుని రివర్బ్ టైమ్ 1.4 నుంచి 1.6 సెకన్లు, ఇనిషియల్ డిలే (రివర్బ్ మొదలయ్యే ముందు ఖాళీ) 20 మిల్లీసెకన్లు పెట్టండి. హైపాస్ 200 హెర్ట్జ్ దగ్గర, లోపాస్ 6 కిలోహెర్ట్జ్ దగ్గర పెడితే కింద గుమగుమలు, పైన సకారాల ఈలలు రెండూ తగ్గుతాయి. కీర్తనలు, వేగమైన సంగతులు ఉన్న పాటలకు 1.2 సెకన్లు మించనివ్వకండి. బిరకాలో, అంటే స్వరాలు వేగంగా పరుగెత్తే చోట, ఒక స్వరం తోక మీద ఇంకో స్వరం పడితే మన గొంతు శుద్ధంగా ఉందో లేదో మనకే తెలియదు. పద్యం పాడేవాళ్లకు మాత్రం హాల్, 2.2 సెకన్లు బాగా నప్పుతుంది. పాదం చివర రాగం తీసి ఆపినప్పుడు ఆ తోక ఊపిరి తీసుకునేంత జాగా ఇస్తుంది, మధ్యలో తొందరపడరు.

మోతాదు విషయంలో చాలామంది అతి చేస్తారు. సెండ్‌ను పెంచుకుంటూ పోయి రివర్బ్ స్పష్టంగా వినిపించిన చోటి నుంచి కొంచెం వెనక్కి రండి. రివర్బ్ తీసేస్తే లోటు తెలియాలి, ఉన్నప్పుడు దాని మీదకు ధ్యాస పోకూడదు. రివర్బ్ ఎక్కువైతే చిన్న చిన్న అపశ్రుతులు దాని కింద దాగిపోతాయి, తర్వాత పొడి ట్రాక్ విన్నప్పుడు బయటపడతాయి. హెడ్‌ఫోన్స్ శబ్దం కూడా అంతే, మరీ గట్టిగా పెట్టుకుంటే చాలామందికి శ్రుతి కిందికి జారుతుంది. అలా జరుగుతుంటే ఒక చెవి మీది కప్పును వెనక్కి జరపండి, వదిలేసిన కప్పును చెవి వెనుక తలకు ఆనించి ఉంచండి. ఖాళీగా తెరిచి వదిలితే ట్రాక్ శబ్దం మైకులోకి కారుతుంది.

ఇక్కడో మంచి సంగతి. పెట్టెతో వచ్చే బేసిక్ ఎఫ్‌ఎక్స్ సూట్‌లో ఇవే రెవ్‌-ఎక్స్, ఛానెల్ స్ట్రిప్ ప్లగిన్ల రూపంలో ఉంటాయి. యాక్టివేషన్ కోడ్ డబ్బాలో ఉంటుంది, పారేయకండి. పాడేటప్పుడు విన్న సెట్టింగునే మిక్సింగ్‌లో ఆ పొడి ట్రాక్ మీద వేసుకోవచ్చు. పాడినప్పుడు బాగుంది, ఇప్పుడు ఆ నిండుదనం రావడం లేదు అనే ఇబ్బంది చాలావరకు తీరిపోతుంది.

కలిపిన మొదటి రోజే ఎదురయ్యేవి కొన్ని ఉన్నాయి. గొంతు రెండుసార్లు, కొంచెం ఎడంతో వినిపిస్తుంటే రెండు దారుల్లో వస్తోందన్నమాట, ఒకటి పెట్టె నుంచి, ఇంకోటి సాఫ్ట్‌వేర్ చుట్టి. రీపర్, ఎఫ్ఎల్ స్టూడియో, స్టూడియో వన్ లాంటివి వాడుతుంటే ఆ ట్రాకులో ఇన్‌పుట్ మానిటరింగ్ ఆపేయండి. క్యూబేస్‌లో పద్ధతి వేరు. స్టూడియో సెటప్‌లో డైరెక్ట్ మానిటరింగ్ టిక్ పెట్టి, ట్రాకులో మానిటర్ బటన్ నొక్కాలి. టిక్ పెట్టి బటన్ మరిచిపోతే గొంతే వినిపించకపోవచ్చు. పెట్టె చెడిపోయిందని అనుకునే ముందు ఈ రెండూ చూడండి.

గొంతు ఎడమ చెవిలోనే వస్తోందా? ముందువైపు మోనో స్విచ్ నొక్కండి. గొంతు బాగానే ఉంది, ట్రాక్ వినిపించడం లేదా? మిక్స్ నాబ్ ఇన్‌పుట్ వైపు పూర్తిగా తిరిగి ఉంది. రివర్బ్ రావడం లేదంటే మాస్టర్‌లో రెవ్‌-ఎక్స్ ఆన్‌లో ఉందో లేదో, ఆ ఛానెల్ సెండ్ పైకి ఉందో లేదో చూడండి. సన్నగా హమ్ వస్తుంటే పెట్టె ఇనుప ఒంటిని చేత్తో తాకండి. ఆగిపోతే తప్పు పెట్టెది కాదు, ఎర్తింగ్‌ది. ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసి బ్యాటరీ మీద రికార్డు చేస్తే చాలాసార్లు పోతుంది. ఎర్త్ పిన్ను విరిచిన ప్లగ్గులు, రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బోర్డులు ఉన్న ఇళ్లలో ఇది మామూలే. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు హమ్ పెరిగితే, ఆ టేకు ఆపి కరెంటు వచ్చాక పాడటమే మంచిది. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ మాత్రం దీనికి అసలు పనికిరావు. వంద మిల్లీసెకన్లకు పైగా ఆలస్యం వాటిలోనే ఉంటుంది, పెట్టె ఎంత వేగంగా పంపినా లాభం లేదు. వెనుక మూసి ఉండే తీగ హెడ్‌ఫోన్స్ తీసుకోండి. ఎక్కువ ఓమ్‌లవి, ముఖ్యంగా 250 ఓమ్‌లవి, ఈ పెట్టె మీద గట్టిగా మోగవు.

లైవ్‌లు పెట్టేవాళ్లకు లూప్‌బ్యాక్ అదనపు లాభం. అది ఆన్ చేస్తే రివర్బ్‌తో సహా గొంతు, ట్రాక్ రెండూ కలిసి లైవ్ సాఫ్ట్‌వేర్‌కు వెళ్తాయి. ఆ సమయంలో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో మానిటరింగ్ ఆన్‌లో ఉంటే శబ్దం గిరగిరా తిరిగి కూత పెడుతుంది. రికార్డింగ్ చేసే రోజు లూప్‌బ్యాక్ ఆపడం మరవకండి, లేదంటే గొంతు ట్రాకులోకి కరోకే, రివర్బ్ కూడా ఎక్కేస్తాయి.

ఇప్పటికే వేరే ఇంటర్‌ఫేస్ ఉన్నవాళ్లు దీనికి పరుగెత్తాల్సిన పని లేకపోవచ్చు. ఫోకస్‌రైట్ స్కార్లెట్ లాంటివాటిలో మైకు గొంతును నేరుగా హెడ్‌ఫోన్స్‌కు పంపే డైరెక్ట్ మానిటర్ ఉంది, కాకపోతే వినిపించేది పొడి గొంతు. దానికి రివర్బ్ మాత్రం కంప్యూటర్ నుంచి కలపొచ్చు. డైరెక్ట్ మానిటర్ ఆన్ చేయండి. సాఫ్ట్‌వేర్‌లో గొంతు ట్రాకుకు మానిటరింగ్ ఆన్ చేసి, ఆ ట్రాక్ మాస్టర్‌కు (అన్ని ట్రాకులూ కలిసే చోటుకు) వెళ్లే దారి తీసేయండి. రీపర్‌లో అయితే రూటింగ్‌లో మాస్టర్ సెండ్ టిక్ తీయడం, క్యూబేస్‌లో అయితే డైరెక్ట్ మానిటరింగ్ టిక్ తీసి అవుట్‌పుట్‌ను నో బస్ చేయడం. తర్వాత వేరే ట్రాకులో రివర్బ్ పెట్టి గొంతు ట్రాక్ నుంచి దానికి సెండ్ ఇవ్వండి. రివర్బ్‌లో డ్రై (పొడి గొంతు) పూర్తిగా తగ్గించి వెట్ (ఎఫెక్ట్) ఒక్కటే ఉంచండి, ప్రీడిలే, అంటే ఇనిషియల్ డిలే, సున్నా చేయండి. పొడి గొంతు వెంటనే వస్తుంది, రివర్బ్ 15 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. రివర్బ్ ఎలాగూ ఆలస్యంగా రావాల్సిందే కాబట్టి ఆ ఆలస్యమే ప్రీడిలేగా పనిచేస్తుంది. పైసా ఖర్చు లేదు. పాడటం అయ్యాక మాస్టర్ దారి తిరిగి పెట్టండి, లేకపోతే వెనక్కి విన్నప్పుడు రివర్బ్ ఒక్కటే మోగుతుంది.

ఈ ఉపాయం కంప్రెసర్‌కూ ఈక్యూకూ పనికిరాదు. అవి గొంతు మొత్తాన్ని మార్చేవి, ఆలస్యంగా వచ్చి పొడి గొంతుతో కలిస్తే ముందు చెప్పిన గుంటలే పడతాయి. ఆ రెండూ చెవిలో కావాలంటే చిప్ ఉన్న పెట్టె కొనక తప్పదు. చెవిలో కంప్రెసర్ ఉంటేనే హాయిగా పాడగలిగేవాళ్లకు యూఆర్22సీ ఖర్చు న్యాయమే. రివర్బ్ ఒక్కటి చాలనుకుంటే ఉన్నదాంతో నెట్టుకురండి.

చిప్ ఉన్న పెట్టెల్లో యమహా ఏజీ03 ఇంకా సులువు. ఒక బటన్‌తో కంప్రెసర్‌, ఈక్యూ, ఇంకో బటన్‌తో రివర్బ్. టు పీసీ స్విచ్ డ్రై దగ్గర పెడితే పొడి గొంతే రికార్డవుతుంది, కానీ మైక్ ప్రీయాంప్ ఒక్కటే. యమహా ఎంజీ10ఎక్స్‌యూ మిక్సర్లో ఎఫెక్ట్‌లు 24 ఉన్నా యూఎస్‌బీకి వెళ్లేది స్టీరియో మిక్స్ కాబట్టి రివర్బ్ కూడా ముద్రపడుతుంది. లైవ్‌కు బాగు, రికార్డింగ్‌కు కాదు. యూనివర్సల్ ఆడియో అపోలో సోలోలో కన్సోల్ అనే సాఫ్ట్‌వేర్ ద్వారా మేలైన ప్రీయాంప్, కంప్రెసర్ ప్లగిన్లతోనే పాడొచ్చు, నాణ్యత వేరే మెట్టు, ధరా అంతే. అందులో థండర్‌బోల్ట్, యూఎస్‌బీ మోడళ్లు వేర్వేరుగా వచ్చాయి, కనెక్షన్ చూసి కొనాలి.

యూఆర్22సీలో వెలితి కూడా ఉంది. హెడ్‌ఫోన్ జాక్ ఒక్కటే, యుగళగీతం పాడే ఇద్దరూ ఒకే మోతాదులో వినాలి, స్ప్లిటర్ పెడితే శబ్దం ఇంకా తగ్గుతుంది. పెట్టె మీద రివర్బ్‌కు నాబ్ లేదు, ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ తెరవాలి. పాడుతూ ఒక చేత్తో రివర్బ్ పెంచుకోవాలనుకునేవాళ్లకు ఇది చికాకే. డీఎస్పీ మిక్స్‌ఎఫ్‌ఎక్స్‌లో బొత్తాలు చిన్నవి, ఏది ఎక్కడుందో అలవాటు పడటానికి కొంత సమయం పడుతుంది. ఐప్యాడ్‌తో వాడాలంటే పక్కన 5 వోల్టుల కరెంటు విడిగా ఇవ్వాలి, ఆ మైక్రో యూఎస్‌బీ జాక్ వెనుక ఉంది. పవర్ స్విచ్‌ను ఆ వైపు మార్చడం గుర్తుంచుకోండి.

కొనేటప్పుడు పేరు చివరి అక్షరం చూసుకోండి. సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువగా దొరికే యూఆర్12, యూఆర్22 ఎంకే2 చూడ్డానికి ఇలాగే ఉంటాయి, వాటిలో ఈ చిప్ లేదు, రివర్బ్ రాదు. తర్వాత వచ్చిన ఐఎక్స్‌ఓ22లోనూ లేదు. అమ్మేవాళ్లు అంతా ఒకటే అంటే డీఎస్పీ మిక్స్‌ఎఫ్‌ఎక్స్ తెరిచి, మైకులో మాట్లాడుతూ రెవ్‌-ఎక్స్ సెండ్ పెంచి హెడ్‌ఫోన్స్‌లో వినిపించమనండి. బేసిక్ ఎఫ్‌ఎక్స్ సూట్, క్యూబేస్ ఏఐ కోడ్లు అప్పటికే వాడేసి ఉంటాయి కాబట్టి ఆ మేరకు ధర తగ్గించి అడగండి.